బుడమేరు మట్టం మా వీధికి తెలియాలి: విపత్తుల నిర్వహణ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ విపత్తుల నిర్వహణ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 3.97 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలకు చేరితే రెండోది. కృష్ణలంకలోనో రాణిగారితోటలోనో నది ఒడ్డున పుట్టి పెరిగిన వాళ్లను అడగండి, ఈ అంకెలు తడుముకోకుండా చెబుతారు. భద్రాచలం వెళ్తే గోదావరికి మూడు హెచ్చరికలు: 43, 48, 53 అడుగులు. అక్కడ బడి పిల్లలకు కూడా కంఠతా. గోదావరి ఎన్ని అడుగులకు వస్తే ఏ దారి మూసుకుపోతుందో, ఏ కాలనీ వాళ్లు మూటాముల్లె సర్దుకోవాలో ఊళ్లో పెద్దవాళ్లు చెప్పగలరు. మరి విజయవాడ నగరంలోంచి పారే బుడమేరు వాగుకు ఆ అంకె ఏమిటి? సింగ్‌నగర్, పాయకాపురం, కండ్రిక, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ, వీటిలో ఏ ఇంటి తలుపు తట్టి అడిగినా జవాబు దొరకదు. 2024 సెప్టెంబరులో మమ్మల్ని ముంచింది కృష్ణ కాదు, బుడమేరు.

ఈ లేఖ గండ్ల గురించి కాదు. గట్లు పటిష్ఠం చేయడం, మళ్లింపు కాలువను వెడల్పు చేయడం, ఆక్రమణలు తొలగించడం, ఇవన్నీ ఇంజనీర్ల పనులు, మీ తోటి మంత్రుల శాఖల పనులు. వాటి మీద రాయగలిగినవాళ్లు రాస్తున్నారు, రాయాలి కూడా. నేను అడిగేది కబురు గురించి. నీళ్లు వస్తున్నాయన్న కబురు, ఎక్కడిదాకా వచ్చాయన్న కబురు, ఏ ఇంట్లో ఎవరు చిక్కుకుపోయారన్న కబురు. ఆ వరద రోజుల్లో మా వీధుల్లో ఈ కబుర్లను మోసింది ఇరుగుపొరుగు. మీ శాఖ తయారుచేసే వరద ప్రణాళికలో ఆ ఇరుగుపొరుగుకు ఒక చోటు ఇవ్వమని అడగడానికే ఇది రాస్తున్నాను.

జరిగినదాన్ని మీకు చెప్పనక్కర్లేదు గానీ, ఈ లేఖ చదివే ఇతర ఊళ్ల వారి కోసం నాలుగు మాటలు. మైలవరం వైపు కొండల్లో కురిసిన వాన బుడమేరులోకి చేరుతుంది. వెలగలేరు దగ్గర రెగ్యులేటరు ఉంది. అక్కడి నుంచి వరదను మళ్లింపు కాలువ ద్వారా ఇబ్రహీంపట్నం వైపు తీసుకెళ్లి కృష్ణలో కలపాలన్నది ఏర్పాటు. పాత దారి మాత్రం విజయవాడ నగరంలోంచి, ఎనికేపాడు మీదుగా కొల్లేరుకు పోతుంది. 2024 ఆగస్టు చివర కుంభవృష్టి కురిసింది. కృష్ణ కూడా అప్పుడే పోటెత్తింది. సెప్టెంబరు 2న బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు నమోదయ్యాయి. నది అంత నిండుగా ఉంటే మళ్లింపు కాలువ నీళ్లు అందులోకి దిగవు. కాలువ గట్టుకు గండ్లు పడ్డాయి, వెలగలేరు గేట్లు ఎత్తారు, నీళ్లన్నీ పాత దారి పట్టాయి. ఆ పాత దారిలోనే మేం ఇళ్లు కట్టుకుని ఉన్నాం. 2005లోనూ ఇదే బుడమేరు ఇదే నగరాన్ని ముంచింది. 2024లో సైన్యం సాయంతో చివరి గండి పూడ్చేసరికి సెప్టెంబరు 7 అయింది. ఈలోగా పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి.

వెలగలేరు గేట్ల నుంచి నీళ్లు మా వీధుల దాకా రావడానికి గంటల సమయం పడుతుంది. నా లేఖంతా ఆ గంటల చుట్టూనే తిరుగుతుంది. శనివారం రాత్రి గేట్ల దగ్గర ఉన్నవాళ్లకు తెలిసిన విషయం, ఆదివారం పొద్దున మంచం దిగి నీళ్లలో కాలు పెట్టిన ముసలావిడకు తెలియలేదు. మా వీధికి అందిన మొదటి వరద హెచ్చరిక పాలబ్బాయిది. కండ్రిక వైపు రోడ్డు మీద నీళ్లు పారుతున్నాయని, బండి రావడం లేదని, ఈ పూట పాలు పోయలేనని ఫోను చేశాడు. ఆ ముక్కను పై అంతస్తు ఇల్లాలు మా అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో పెట్టింది. అప్పటిదాకా ఆ గ్రూపులో మోటారు ఎవరు ఆపాలి, నెల నెలా కట్టే డబ్బు ఎవరు బాకీ, చెత్త బండి ఎందుకు రాలేదు, ఇవే మాటలు. మధ్యలో శుభోదయం బొమ్మలు. పాలు రావన్న ఆ ఒక్క ముక్క చదివి కొందరు స్కూటర్లను తీసుకెళ్లి సింగ్‌నగర్ ఫ్లైఓవర్ మీద పెట్టి వచ్చారు. బియ్యం బస్తాను మేడ మీదికి చేర్చారు. అది చదవని వాళ్లకు ఆ వ్యవధి దక్కలేదు.

ఆ తర్వాత గ్రూపులో మొదలైన గందరగోళం మీరు ఊహించగలరు. ఎక్కడెక్కడివో వీడియోలు, ఎప్పటివో ఫొటోలు, వాటి మీద ఏడుపు బొమ్మలు. దాన్ని దారిలో పెట్టినది ఎదురింటి మేడ మీద ఉండే రైల్వే పెద్దాయన. రిటైరై చాలా ఏళ్లయినా ఏది రాసినా పక్కన సమయం వేసే అలవాటు పోలేదాయనకు. "చూసింది రాయండి, విన్నది రాయకండి. సమయం రాయండి, చోటు రాయండి, ఎన్ని మెట్లు మునిగాయో రాయండి" అని పెట్టాడు. ఇక అంతే. ప్రతి ఇంటి నుంచీ మెట్ల లెక్క రావడం మొదలైంది. "పదీ ఇరవై, వాటర్ ట్యాంకు సందు, మూడో మెట్టు." "పదకొండు, అదే చోటు, ఐదో మెట్టు సగం." రాత్రిళ్లు మెట్ల మీదికి టార్చి వేసి చూసి రాసేవాళ్లు. ఆయన వాటన్నిటినీ ఒక పాత డైరీలో ఎక్కించుకున్నాడు. ఒక్కో ఇంటి మెట్టు ఒక్కో ఎత్తు కాబట్టి, నీళ్లు తీశాక టేపు పట్టుకుని వీధంతా తిరిగి అంగుళాల్లోకి మార్చాడు కూడా. పెద్దాయన చాదస్తం అనుకున్నాం గానీ, మా వీధి వరద చరిత్ర ఈ రోజు ఎక్కడైనా సక్రమంగా ఉందంటే ఆ డైరీలోనే ఉంది.

ఆ మెట్ల లెక్క వల్ల ఏమి తెలిసిందో చెబుతాను. మెయిన్ రోడ్డు వైపు కంటే వెనక డ్రెయిన్ వైపు ఇళ్లలో నీరు ముందు పెరిగింది. అంటే నీళ్లు ఎదురుగా కాదు, వీపు వెనక నుంచి వస్తున్నాయి. రోడ్డు వైపు చూస్తూ ఇంకా పర్వాలేదనుకుంటున్న వాళ్లకు ఈ సంగతి అప్పుడే చెప్పగలిగాం. కింది ఇళ్లలో ఉన్న రెండు కుటుంబాలు ఆ మాట మీదే పైకి వచ్చేశాయి. ఇంకా, ఏ సందులో మూత లేని మ్యాన్‌హోల్ ఉంది, ఎక్కడ ప్రహరీ గోడ నీళ్ల అడుగున కనపడకుండా ఉంది, ఏ గేటు మీద ఇనప మొనలు ఉన్నాయి, ఇవన్నీ గ్రూపులో ఒకచోట చేరాయి. రబ్బరు పడవలకు మునిగిన గేట్ల మొనలు ఎంత ప్రమాదమో పడవ నడిపిన జవాన్లను అడగండి. ఎడమ పక్కకు రావద్దు, అక్కడ గేటు ఉంది అని మేడల మీద నుంచి కేకలు వేస్తే వాళ్లు తెడ్డుతో తడిమి చూసుకుని, దండం పెట్టి పక్కకు తిప్పుకున్నారు. ఏ మ్యాపులోనూ ఆ గేటు ఉండదు.

ప్రభుత్వం పనిచేయలేదని నేను అనను. జాతీయ విపత్తు దళాలు వచ్చాయి, హెలికాప్టర్లు వచ్చాయి, డ్రోన్లతో అన్నం పొట్లాలు పంపారు. ఇతర జిల్లాల నుంచి వచ్చిన అధికారులు, సిబ్బంది నడుం లోతు నీళ్లలో నడిచారు. కలెక్టరేట్‌లోనే ముఖ్యమంత్రి మకాం వేశారు. నీళ్లు తీశాక ఫైరింజన్లు తెచ్చి ఇళ్లలో బురద కడిగిపెట్టారు. గ్రౌండ్ ఫ్లోరు ఇళ్లకు 25 వేలు, పై అంతస్తుల వారికి 10 వేలు సాయం ఇచ్చారు. ఇవి మరిచిపోలేదు. అయితే శ్రీకాకుళం నుంచో కడప నుంచో వచ్చిన ఉద్యోగికి మా సందులు ఎలా తెలుస్తాయి? పడవ మెయిన్ రోడ్డు మొదట్లోనే ఖాళీ అయిపోయేది. లోపలి సందుల వాళ్లు మేడల మీద నిలబడి చూస్తూ ఉండేవాళ్లు. పొట్లాలు అందిన మేడ నుంచి అందని మేడకు తాడు కట్టిన బకెట్లో పాలూ బ్రెడ్డూ దాటించుకున్నాం. ఏ బకెట్టు ఏ మేడకు వెళ్లాలో కూడా గ్రూపులోనే నిర్ణయం. పసిపిల్లలున్న ఇల్లు ముందు, షుగరు మందు వేసుకునేవాళ్ల ఇల్లు తర్వాత.

ఒక సహాయ కేంద్రానికి ఫోను చేసిన సంగతి కూడా చెప్పాలి. ఏ కేంద్రమో ఇక్కడ అనవసరం. అవతల అమ్మాయి ఎంతో ఓపిగ్గా మాట్లాడింది, తప్పు ఆమెది కాదు. ఆమె ముందున్న కంప్యూటరు డోరు నంబరు, వీధి నంబరు, పిన్‌కోడ్ అడుగుతోంది. మేం చెబుతున్నది మసీదు వెనక సందు, నీలం రంగు నీళ్ల ట్యాంకు, దాని పక్క మూడంతస్తుల మేడ. నిండు గర్భిణి ఉన్న ఇల్లది. చిరునామా పూర్తిగా ఎక్కితే గానీ ఫిర్యాదు నమోదు కాదు. నమోదు అయ్యాక మరో గంటకు వేరే వ్యక్తి ఫోను చేసి మళ్లీ మొదటి నుంచి అడిగాడు. ఈలోగా పక్క వీధి కుర్రాళ్లు లారీ ట్యూబులు కట్టి తయారుచేసుకున్న తెప్ప మీద ఆమెను ఫ్లైఓవర్ దాకా చేర్చారు. చేర్చిన సంగతి ఆ కేంద్రానికి చెప్పడానికి మార్గం లేదు. సాయంత్రం ఆ ఇంటి కోసం పడవ వచ్చింది, ఖాళీ ఇంటి ముందు పిలిచి పిలిచి వెళ్లిపోయింది. ఆ పడవ ఆ సమయంలో మరెవరికి పనికొచ్చేదో!

కబురు పంపడమెంత ముఖ్యమో, పని పూర్తయ్యాక ఆ కబురును మూసివేయడమూ అంతే ముఖ్యమని మాకు అక్కడే బోధపడింది. మా వాళ్లలో ఈ పని చేసింది ఎవరో తెలుసా? ఇక్కడ లేనివాళ్లు. కరెంటు పోయింది, ఫోన్లలో చార్జింగు అయిపోతోంది. అంతస్తుకు ఒక్క ఫోను మాత్రమే వెలిగించి, మిగిలినవి ఆపేశాం. ఇన్వర్టరు ఉన్న ఇంట్లో వంతులవారీగా చార్జింగు. అలాంటప్పుడు హైదరాబాదులో, బెంగళూరులో, అమెరికాలో ఉన్న పిల్లలు ఒక పట్టిక తెరిచి పెట్టుకున్నారు. ఇల్లు, మనుషులు, మందులు, పడవ వచ్చిందా లేదా. మాకు రాత్రయితే అమెరికాలో పగలు కాబట్టి ఆ పట్టిక దగ్గర ఎప్పుడూ ఎవరో ఒకరు మేలుకుని ఉండేవారు. బయటపడిన ఇంటి పక్కన "చేరారు" అని రాసి, కబురు పెట్టినవాళ్లందరికీ చెప్పేవారు. ఇదంతా ఎవరూ నేర్పింది కాదు, ఎవరూ జీతం ఇచ్చింది కాదు.

మంత్రి గారూ, అసలు విషయం చెబుతాను. వెలగలేరు గేట్ల దగ్గర ఒక కొలత ఉంది. మా మెట్ల దగ్గర ఒక కొలత ఉంది. ఈ రెండూ ఎక్కడా కలుసుకోలేదు. పైనున్న కొలత అడుగుల్లో, క్యూసెక్కుల్లో కార్యాలయాల మధ్యే తిరిగింది. కింది కొలత మా ఫోన్లలోనే ఉండిపోయింది. పైవాళ్లకు కింద ఏమవుతోందో తెలియదు, కిందివాళ్లకు పైనుంచి ఏమి రాబోతోందో తెలియదు. వీటిని కలపమని అడుగుతున్నాను. దీనికి వందల కోట్లు అక్కర్లేదు. టెండర్లు కూడా అక్కర్లేదు, అందుకే ఎవరికీ పట్టడం లేదేమోనని ఒక్కోసారి అనుమానం వస్తుంది. క్షమించండి, ముంపు వీధుల్లో ఉండేవాళ్ల నాలుక కొంచెం కటువుగానే ఉంటుంది.

ముందుగా, వెలగలేరు దగ్గర నీటిమట్టానికి భద్రాచలంలో మాదిరిగా మూడు హెచ్చరిక స్థాయిలు జనానికి తెలిసేలా ప్రకటించండి. ఎంత మట్టానికి, ఎంత ప్రవాహానికి, ఎన్ని గంటల్లో ఏ కాలనీకి నీళ్లు వస్తాయో 2005, 2024 అనుభవాలతో మీ ఇంజనీర్లు లెక్కకట్టగలరు. ఆ లెక్కను మా భాషలో చెప్పండి. "ఇన్ని వేల క్యూసెక్కులు వదిలారు" అంటే నాకేమి తెలుస్తుంది? "రాత్రి రెండు గంటలకల్లా వాంబే కాలనీలో మోకాలు లోతు నీళ్లు రావచ్చు" అంటే ముసలివాళ్లను పైకి తీసుకెళ్తాం, గ్యాసు సిలిండరు కట్టేస్తాం, సర్టిఫికెట్లు సంచిలో పెట్టుకుంటాం. ఆ మూడు స్థాయిలనూ ప్రతి వీధిలో ఒక కరెంటు స్తంభం మీద రంగుతో గీయించండి. 2024లో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో ఆ గీత కూడా పక్కనే గీయించండి. స్థలం కొనడానికి వచ్చేవాళ్లు చూస్తారని కొందరు స్థలాల యజమానులు అభ్యంతరం చెప్పవచ్చు. చూడాలనే నా ఉద్దేశం.

ఇలా చెబితే జనం భయపడిపోతారని, తొక్కిసలాట జరుగుతుందని అధికారులు అంటారు. ఆ మాట నేను చాలాసార్లు విన్నాను. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. అంతకంతకూ పెరుగుతున్న మట్టాన్ని గంట గంటకూ ప్రకటిస్తూనే ఉన్నారు. జనం పిచ్చెక్కినట్టు పరిగెత్తలేదు, వేలమంది ముందుగానే సురక్షిత ప్రాంతాలకు చేరారు. 1986లో 75.6 అడుగులు చూసిన ఊరది, అంకె విని ఏమి చేయాలో తెలిసిన ఊరు. నిజం తెలిసినవాడి భయం కాళ్లకు పని చెబుతుంది. తెలియనివాడి భయం పుకార్లకు పని చెబుతుంది.

పుకార్ల మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. నీళ్లు తీయడం మొదలై, జనం ఇళ్లకు చేరి బురద ఎత్తిపోసుకుంటున్న వేళ బుడమేరుకు మళ్లీ గండి పడిందని ఒక పుకారు లేచింది. చంకన పిల్లల్ని పెట్టుకుని మళ్లీ రోడ్డెక్కినవాళ్లను చూశాను. అధికారులు ఖండించారు, తప్పుడు ప్రచారం చేస్తే చర్యలు తప్పవన్నారు. విపత్తుల నిర్వహణ చట్టం 2005లోని 54వ సెక్షన్ ప్రకారం విపత్తు గురించి తప్పుడు హెచ్చరిక పుట్టించేవారికి ఏడాది దాకా జైలు శిక్ష వేయవచ్చు. కావాలని పుట్టించేవాడికి వేయండి, కాదనను. కానీ ఆ రోజు ఆ మాటను పంపినవాళ్లలో ఎక్కువమంది దుర్మార్గులు కారు. మొదటిసారి ఎవరూ చెప్పకుండానే నీళ్లు వచ్చాయి కాబట్టి, రెండోసారి ఎవరు చెప్పినా నమ్మారు. గంటకొకసారి "బుడమేరు ఇప్పుడు ఇంత ఉంది, తగ్గుతోంది" అని ఒకే చోట నుంచి, ఒకే గొంతుతో వస్తూ ఉంటే ఆ పుకారు మొదటి సందు కూడా దాటేది కాదు. కొత్త సంగతి ఏమీ లేకపోతే లేదనే చెప్పండి. వరదలో చిక్కుకున్నవాడికి అది కూడా వార్తే.

సాంకేతికంగా ఇది కష్టమని అనడానికి వీల్లేదు. మీ శాఖ కిందనే ఉన్న విపత్తుల నిర్వహణ సంస్థ ఎండాకాలం సాయంత్రాల్లో మండలాల పేర్లతో సహా పిడుగు హెచ్చరికలు ఇస్తోంది. చెట్ల కింద నిలబడవద్దని మా ఫోన్లకు సందేశాలు వస్తున్నాయి. 2023లో దేశమంతటా ఫోన్లన్నీ ఒక్కసారిగా పెద్ద శబ్దంతో మోగి, ఇది పరీక్ష సందేశం అని వచ్చింది గుర్తుందా? మా ఇంట్లో పడుకున్న పాప ఉలిక్కిపడి లేచింది. ఆ మోతే 2024 ఆగస్టు 31 రాత్రి మాకు కావాల్సింది. ఆకాశంలో పుట్టే పిడుగు ఎక్కడ పడుతుందో మండలం పేరుతో చెప్పగలిగినప్పుడు, మన చేతిలోనే ఉన్న గేట్లు ఎత్తే సంగతి కాలనీ పేరుతో చెప్పలేమా?

అయితే ఫోను మీదే ఆధారపడవద్దు. వాంబే కాలనీలో, రాజరాజేశ్వరిపేటలో రోజు కూలీకి వెళ్లి వచ్చి రాత్రి తొమ్మిదికే ఒళ్లు తెలియకుండా నిద్రపోయే కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. మామూలు బటన్ ఫోను, అదీ చార్జింగు లేకుండా ఉంటుంది. వాళ్లకు మసీదు మైకు, రామాలయం మైకు, చర్చి మైకు తెలుసు. ఆ మూడూ ఒక్కసారి మోగితే లేవని మనిషి ఉండడు. కమిటీల పెద్దలతో ఇప్పుడే మాట్లాడి, ఏ హెచ్చరికకు ఏమి చెప్పాలో రాసి ఇస్తే సరిపోతుంది. వాళ్లు కాదనరు. ఆ వరదలో ఆ మేడల మీదే మతం చూడకుండా అందరూ తలదాచుకున్నారు.

ఇక కింది నుంచి పైకి వెళ్లే కబురు. ప్రతి వార్డు సచివాలయంలోనూ సిబ్బంది ఉన్నారు. వాళ్లలో ఒక్కరికి, బదిలీ అయినా బాధ్యత మరొకరికి అప్పగించి వెళ్లే పద్ధతిలో, వీధి గ్రూపుల కబుర్లు అందుకునే పని పెట్టండి. వీధికి ఇద్దరు, ముగ్గురు నమ్మకమైన మనుషుల పేర్లు ఆ ఉద్యోగి దగ్గర ఉండాలి. వాళ్లు ఏ పార్టీ మనుషులన్నది కాదు, ఆ వీధిలో ఏ ఇంట్లో ఎవరున్నారో తెలిసినవాళ్లా కాదా అన్నదే చూడాలి. డయాలసిస్ చేయించుకునేవాళ్లు, మంచం పట్టినవాళ్లు, నెలలు నిండినవాళ్లు ఎక్కడున్నారో వానాకాలం మొదలయ్యే ముందు ఒకసారి రాసుకుంటే చాలు. పడవ బయలుదేరేటప్పుడు ఆ కాగితం బయటి జిల్లా నుంచి వచ్చిన అధికారి చేతిలో ఉంటే, ఆయన మెయిన్ రోడ్డు మీదే పొట్లాలన్నీ పంచేసి వెనుదిరగడు.

జనం పంపే కబుర్లను నమ్మేదెలా అంటారేమో. ఒక్కరు పంపితే అనుమానించండి. ఒకే వీధి నుంచి వేర్వేరు ఇళ్లవాళ్లు సమయంతో, ఫొటోతో పంపితే ఆ మాత్రం నమ్మకపోతే ఎలా? ఇండోనేసియా రాజధాని జకార్తాలో మా బుడమేరు లాంటి వాగులు చాలా ఉన్నాయి. అక్కడ జనం తమ ఫోను నుంచి వీధి, నీటి లోతు, ఫొటో పంపితే అవి ఒక బహిరంగ మ్యాపు మీద కనిపిస్తాయి. నగర విపత్తు అధికారులూ అదే మ్యాపు చూస్తారు. అంత దూరం ఎందుకు, 2018 ఆగస్టు వరదల్లో కేరళ ప్రభుత్వం స్వచ్ఛందంగా ముందుకొచ్చిన యువ ఇంజనీర్లు కట్టిన వెబ్‌సైటునే సహాయ విన్నపాలు అందుకోవడానికి వాడుకుంది. మన దగ్గర అలాంటివి చేయగలిగిన పిల్లలు ఎందరున్నారో, వాళ్లు ఎక్కడెక్కడ ఉద్యోగాలు చేస్తున్నారో మీకు వేరే చెప్పాలా!

ఒక జాగ్రత్త కూడా అడగాలి. వరద సమయంలో ఆడపిల్లల ఫోను నంబర్లు, ఇళ్ల వివరాలు, జబ్బుల సంగతులు ముక్కూ ముఖం తెలియని వాళ్ల దాకా వెళ్లాయి. ప్రాణం మీదికి వచ్చినప్పుడు దాపరికం ఎవరికి గుర్తుంటుంది? నీళ్లు తీశాక కూడా కొందరికి అపరిచితుల నుంచి ఫోన్లు వచ్చాయి. అందుకని మా వీధి గ్రూపులను ప్రభుత్వం స్వాధీనం చేసుకోవాలని నేను అడగడం లేదు. అవి మావిగానే ఉండనివ్వండి. అందులో మోటారు తగాదాలూ శుభోదయాలూ అలాగే సాగనివ్వండి. మీకు చేరాల్సింది నీటి మట్టం, చిక్కుకున్న మనుషుల సంగతి. ఆ వివరాలు పని అయిపోయాక చెరిపేయాలన్న నియమం కాగితం మీద ఉండాలి.

వానలు మొదలవకముందే వెలగలేరు నుంచి ఒక సహాయక ఇంజనీరును, మా వార్డు సచివాలయం నుంచి ఒక ఉద్యోగిని మా వీధికి పంపండి. రైల్వే పెద్దాయన డైరీ, మెట్ల కొలతలు, టేపు సిద్ధంగా ఉన్నాయి. వెలగలేరులో ఏ సమయానికి ఎంత నీరు ఉందో మీ రికార్డు వాళ్లు తెస్తే, మా వీధిలో ఏ సమయానికి ఏ మెట్టు మునిగిందో మేం చూపిస్తాం. రెండూ పక్కపక్కన పెడితే ఒక మధ్యాహ్నంలో మా వీధి స్తంభం మీద గీతలు ఎక్కడ గీయాలో తేలిపోతుంది. ఆదివారం అయితే అందరం ఇళ్ల దగ్గరే ఉంటాం. వచ్చే రోజు మాత్రం ముందుగా కబురు చేయండి.

ఇట్లు,
సింగ్‌నగర్ వెనక వీధుల్లో ఒక ముంపు ఇంటి యజమాని,
విజయవాడ